కాలనీ నొక్కు, బొజ్జన్నా

భద్రాచలంలో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్. 1998 ఆగస్టు, పొద్దున పది దాటింది. బయట వాన, పక్క వీధిలో మైకు, కింద పొంగుతున్న గోదావరి. ముందు గదిలో కంప్యూటర్ ఎదుట కూర్చున్నది పర్ణశాల లాంచీ నడిపే బొజ్జయ్య. పక్కన నిలబడి నేర్పుతున్నది ఆయన కంటే ఇరవై ఏళ్లు చిన్నదైన రూప్లి, ఆ సెంటర్‌లో పాఠాలు చెప్పేది. లోపలి గది తలుపు వేసి ఉంది. ఎవరి గాభరా వాళ్లది.

“సోది వద్దు చెల్లే. జల్దీ గెలిచే కిటుకు చెప్పు. పదకొండుకు నా బిడ్డ జంపక్క వస్తది ఆడనీకి. నా చేతిల ఉన్నది గంట.”

“గంటల వచ్చే ఆట కాదు బొజ్జన్నా. మా స్టూడెంట్లు నెల రోజులు కూసోని...”

“నెల రోజులు గోదారి ఆగుతదా? పందెం కాసిన నేను. నేను గెలిస్తే మా ఇంట్ల ఇగ కాలనీ అనే మాట ఎత్తొద్దు. జంపక్క గెలిస్తే పన్నెండు గంటల ట్రాక్టర్‌ల ఇల్లు ఖాళీ చేసి, గుట్ట మీద సర్కారు కట్టిన కాలనీకి పోవాలె. నేను, మా ఆడమనిషి, కోళ్లు, అన్నీ.”

“ఇల్లు ఒడ్డు మీద పెట్టుకోని ఆట మీద పందెం ఎవరన్న కాస్తరా అన్నా?”

“మాటకు మాట పెరిగింది. ‘కంప్యూటర్ల చుక్కలు పట్టే దానివి, నీళ్ల సంగతి నాకు చెప్తవా’ అన్న. ‘ఆ చుక్కలల్లనే నన్ను గెలువు, నోరు మూసుకుంట’ అన్నది. పులిజూదంల నన్ను కొట్టినోడు ఈ ఒడ్డున లేడు. ఊకుంటనా?”

“పుల్లమ్మ వదినె ఏమంటుంది?”

“దానిది ఒక్కటే మాట. ‘నువ్వు లేస్తెనే లేస్త’ అని మంచం మీద కూసున్నది. సరే గని, ఇదేంది ఈ ఆకుపచ్చది?”

“ఈ నల్లదంత ఆకాశం. అది నీ ఇంటి చుక్క. ఇది ప్రాక్టీస్ ఆట. ఆకుపచ్చ నువ్వు, నీలం మిషను. మొత్తం పదమూడు చుక్కలు. ఏడింటి మీద ఎవరి జెండా ముందు లేస్తే వాళ్లు గెలిచినట్టు. ఎవర్ని చంపే పని లేదు.”

“మంచిగుంది. అయితే ముందుగాల ఇంటి చుట్టు ఫిరంగులు పెడుత.”

“వద్దన్నా! కొత్తోళ్లందరు చేసే తప్పు అదే. ఉన్నదంత ఇంటి చుట్టు పెట్టి కూసుంటరు. ఇరవై ఎత్తులు పోయేసరికి ఇల్లు తప్ప ఏం ఉండదు. ఆఖరుకు ఇల్లు కూడ ఉండదు.”

“ఇల్లు ఇడిసిపెట్టి ఎటు పోతం?”

“ముందు చూసొచ్చే ఓడలు పంపు. ఎక్కడెక్కడ ఖాళీ చుక్కలున్నయో చూసొస్తయి.”

“ఓడలనకు. లాంచీలు అను. నాకు తెలుస్తది.”

“సరే, లాంచీలు. ఒక్క లాంచీ కూడ రేవుల ఊకె ఉండొద్దు. ప్రతి ఎత్తుకు దానికో పని చెప్పాలె. ఊకె ఉన్న లాంచీ ఉంటే నువ్వు లేట్ అయినట్టే.”

“నా లాంచీ నాలుగు రోజుల సంది తాడుకు కట్టేసి ఉంది. ఆగు, ఆగు. మైకు ఏమంటుంది?”

“నలభై ఏడు అడుగులు. మొదటి హెచ్చరిక దాటింది అంటుండ్రు.”

“నలభై ఏడుకు మా వాకిలి కూడ తడవది. చెప్పు, చెప్పు. ఇంక?”

“అన్ని కొత్త మిషన్లు ఒకేసారి కనిపెడుత అనుకోకు. ఒక్కటి పట్టుకో. లాంచీ ఇంజను. ఇంజను మంచిదైతే అన్నిటికి ముందు నువ్వే పోతవ్.”

“అది నాకు చెప్పాల్నా? ఇంజను సంగతి నాకు వదులు. పోయినయి మూడు లాంచీలు. ఇగో, నీలం కూడ కదిలింది.”

“కదలనీ.”

“అట్ల కాదు. అది ఏడికి పోయిందో చూడు. మూలకు పోయి ఆగింది.”

“మిషను అన్నా. ఎటన్న పోతది.”

“మూలకు పోయి ఆగి, ఎదుటోని చెయ్యి చూస్తుంది...”

“ఏమన్నవ్?”

“ఏమనలే. నీ పని నువ్వు చెప్పు. లోపల ఆ టకటక ఏంది?”

“స్టూడెంట్. టైపింగ్ నేర్చుకుంటుంది.”

“ఇంత వానల వచ్చిందా?”

“వస్తరు... ఎవరో ఒకరు వస్తరు. నువ్వు ఇటు చూడన్నా, నీ లాంచీ చుక్క కాడికి చేరింది.”

“చేరింది. ఎవడు లేడు. ఖాళీ. అయితే నాదే గదా?”

“పోయి నిలబడితే నీది కాదు. మనుషులను దించి, ఆ కింద బటన్ నొక్కాలె.”

“ఏం రాసుందది?”

“కాలనీ.”

“ఏందీ?”

“కాలనీ అన్నా. నొక్కు.”

“ఇంకో బటన్ లేదా?”

“లేదు.”

“ఆకాశంల కూడ వదలరా మమ్మల్ని?”

“నవ్వియ్యకు బొజ్జన్నా, టైం లేదు. ఆ పేరు ఆట చేసినోడు పెట్టిండు. నీకోసం పెట్టలే. నొక్కు.”

“నొక్క.”

“నొక్కకుంటే ఎట్ల గెలుస్తవ్?”

“లాంచీ ఆడ నిలబడనీ. ఇంకో చుక్కకు ఇంకో లాంచీ పంపుత. అన్నిటి కాడ నిలబెడుత. నీలాన్ని దిగనియ్య. పులిజూదంల మేకలతోని పులికి తొవ్వ మూస్తం గదా, గట్ల.”

“ఇది పులిజూదం కాదన్నా.”

“అన్నీ పులిజూదమే.”

“నీలానికి మూడు చుక్కలయినయి చూడు. నీకు ఇంటిది ఒక్కటే.”

“ఉండనీ. నాకు ఇంటిదే కావాలె.”

“ఒక మాట అడుగుత, కోపం చేయకు. గుట్ట మీదికి పోతే ఏమైతది? ఇల్లు కట్టిచ్చిండ్రు. రేకులు కొత్తయి. మా తండోళ్లే చూసొచ్చిండ్రు. నీళ్ల పంపు ఒక్కటే దూరం అని...”

“ఎనభై ఆరుల లేచినం చెల్లే. ఆ వరదకు ఊరు ఊరంత లేచింది. పది రోజులే అన్నరు. నీళ్లు తీసినంక వచ్చి చూస్తే మా జాగల ఎవడో గుంజలు పాతి తడిక కట్టిండు. ‘ఖాళీగ ఉంటే వేసుకున్న’ అన్నడు. ఖాళీ అంట. మా అయ్య పుట్టిన జాగ, ఖాళీ అంట. మూడేండ్లు తిరిగితే మళ్ల మాకు చిక్కింది. నాకు నీళ్లంటే భయం లేదు. గోదారి వస్తది, పోతది. మనిషి పాతిన గుంజ పోదు. అందుకే లెవ్వ.”

“జంపక్కకు చెప్పినవా ఈ మాట?”

“అప్పుడు అది ఐదేండ్ల పిల్ల. దానికేం తెలుసు? నువ్వు ఆట చెప్పు.”

“ఆట చెప్తనే ఉన్న. నువ్వే వింటలేవు. నీలానికి ఐదు.”

“నాకు ఏడు చుక్కల కాడ ఏడు లాంచీలు ఉన్నయి.”

“ఉత్త లాంచీలు! వాటిల మనుషులు లేరు. నీ జనం మొత్తం ఏడు లక్షలు, అందరు ఇంటి చుక్క మీదనే కూసున్నరు. ఒక్కొక్క చుక్కకు లక్ష మంది కావాలె.”

“ఓ చెల్లే. నీలం లేచింది.”

“ఎటు?”

“మూల ఇడిసిపెట్టి మా ఇంటి మీదికే వస్తుంది. ఎన్ని లాంచీలు ఇవి! పన్నెండా?”

“పద్నాలుగు.”

“వాకిట్లకు వచ్చింది... ఆగింది. ఎందుకు ఆగింది?”

“నాకేం తెలుసు అన్నా.”

“ఒక్క దెబ్బ కొడితే అయిపోతది నా పని. కొడుతలేదు. మిషనుకు దయ ఉంటదా చెల్లే?”

“ప్రోగ్రామ్... ప్రోగ్రామ్‌ల ఏదో ఉంటది. చెమట పడుతుందా, ఫ్యాన్ ఎక్కువ చేయాల్నా?”

“నీకే పడుతుంది చెమట. సరే, ఇప్పుడు ఏం తొవ్వ ఉంది నాకు?”

“రెండున్నయి. ఉన్నదంత పెట్టి ఫిరంగులు కొని ఇంటికాడ కొట్లాడొచ్చు. పద్నాలుగు లాంచీల ముందు ఒక్క ఎత్తు ఆగుతవ్. జనం పోతరు. లేదంటే జనాన్ని లాంచీలు ఎక్కించి ఆ ఏడు చుక్కల మీద దించొచ్చు. చుట్టుముట్టిన చుక్క లెక్కకు రాదు, ఇల్లు ఎట్లయిన లెక్కల లేదు. ఏడు నిండాల్నంటే ఏడు లక్షల మంది లేవాలె.”

“అందరా?”

“అందరు.”

“ఇల్లు?”

“ఖాళీ అయితది.”

“ఖాళీ అయితే నీలం వచ్చి గుంజలు పాతుతది.”

“పాతొచ్చు. పాతకపోవచ్చు.”

“మళ్ల రావొచ్చా, ఆటల?”

“రావొచ్చన్నా. ఎవరు దిగకుంటే మళ్ల రావొచ్చు.”

“ఎవరు దిగకుంటే...”

“అన్నా, మైకు. రెండో హెచ్చరిక. నలభై ఎనిమిది అంటుండ్రు. నలభై ఎనిమిది!”

“ఇన్న.”

“మీ వాకిలి ఎంతకు తడుస్తది?”

“యాభైకి.”

“బొజ్జన్నా, నువ్వు...”

“ఆగు. మాట్లాడకు. ఎలుక ఏడ పెట్టిన? ఈ చేతిల పట్టుకునే ఎలుక.”

“మౌస్. ఇగో. నేను నొక్కాల్నా?”

“నువ్వు నొక్కితే ఎట్ల చెల్లుతది? నేనే నొక్కాలె. ఒకటి.”

“అవ్. జెండా లేచింది.”

“రెండు. మూడు. ఇదేం పేరురా దేవుడా, కాలనీ. నాలుగు. నీలం ఇంక ఆగే ఉందా?”

“ఆగే ఉంది.”

“ఐదు. ఆరు... ఈ లక్ష మందిని ఉండనీ చెల్లే. ఇల్లు చూసుకుంట ఉంటరు.”

“ఉంటే ఆరే అన్నా. ఆరుకు గెలుపు లేదు.”

“వీళ్లు మా ఆడమనిషి అసొంటోళ్లు. పెద్దోడు లేస్తెనే లేస్తరు.”

“అయితే పెద్దోడు లెవ్వాలె.”

“...ఏడు.”

“అన్నా! గెలిచినవ్! పాట వస్తుంది, ఇను! నలభై ఎత్తులల్ల గెలిచినవ్, మా స్టూడెంట్లకు వంద పడుతది!”

“నువ్వెందుకు ఏడుస్తున్నవ్?”

“ఏడుస్తలే. అన్నా, ఒక మాట చెప్పాలె. ఒట్టు, కోపం చేయొద్దు. నేను ప్రాక్టీస్ అని చెప్పిన గని ఇదే పందెం ఆట... ఆ నీలం...”

“నీలం మిషను కాదు.”

“నీకెట్ల తెలుసు?”

“మూడో ఎత్తుకే తెలిసింది. మూలకు పోయి ఆగి ఎదుటోని చెయ్యి చూసుడు, అరుగు మీద బొగ్గుతోని గీసి నేనే నేర్పిన దానికి, నాలుగేండ్లప్పుడు. మిషనుకు ఎవడు నేర్పిండు? లోపల టైపింగ్ అన్నవ్. టైపింగ్ గట్ల ఆగి ఆగి కొడుతరా?”

“ఎదురుంగ కూసుంటే ఇద్దరు కొట్లాడుకుంటరని నేనే రెండు మిషన్లకు తీగ కలిపిన. తప్పు నాది. జంపక్కను ఏమనకు.”

“ఏమంట? స్క్రీన్ చూడు. ఆట అయిపోయింది, ఆ పద్నాలుగు లాంచీలు ఇంక నా ఖాళీ ఇంటి చుట్టే ఉన్నయి. దిగుతలేవు. కాపలా కాస్తున్నయి. పందెం ఓడిపోయి కూడ నా జాగకు కాపలా కాస్తుంది, పిచ్చిది.”

“మరి తెలిసి ఎందుకు నొక్కినవ్ అన్నా, కాలనీ?”

“దాని ముఖం చూసుకుంట ‘పోదాం పా’ అనుడు నాతోని కాదు చెల్లే. నోరు రాదు. బటన్ కాబట్టి నొక్కిన.”

“తలుపు తీసింది. ఇగో, వచ్చింది.”

“నాయినా.”

“కండ్లు తుడుచుకో ముందు.”

“గుంజల సంగతి నాకెన్నడు చెప్పలే నువ్వు. తలుపెనుక అన్ని ఇన్న. నీళ్లు తీసిన రోజే నేను పోయి మన జాగల కూసుంట నాయినా. ఎవణ్ని దిగనియ్య.”

“కనపడ్డది, నీ కాపలా.”

“నేను కొట్టొచ్చు గని కొట్టలే. అయిన నువ్వే గెలిచినవ్. పందెం పందెమే. ఇగ కాలనీ మాట ఎత్త. నువ్వేది అంటే అదే.”

“అవ్, నేనే గెలిచిన. గెలిచినోని మాటే చెల్లాలె. ట్రాక్టర్ పోకముందే ఉరుకు బిడ్డా, మీ అమ్మకు చెప్పు... నాయిన లేచిండని చెప్పు.”