సిమెంటు బాతు కేసు

అమెరికా ఉపాధ్యక్షుడి ఇంటి వంటగది. అధ్యక్షుడికి ఆ పొద్దున పెద్దపేగు పరీక్ష. మత్తు దిగేదాకా తన అధికారాలన్నీ ఉపాధ్యక్షుడికి అప్పగిస్తూ సంతకం పెట్టి వెళ్లాడు.

"ఇప్పుడు అధ్యక్షులు మీరేగా? ఒహాయో జైల్లో ఉన్న మా తమ్ముణ్ణి క్షమించి వదిలెయ్యండి" అంది ఉపాధ్యక్షుడి భార్య.

"పక్కింటి వాకిట్లో సిమెంటు బాతు ఎత్తుకుపోవడం రాష్ట్రం కిందికొచ్చే నేరం. క్షమిస్తే గవర్నరే క్షమించాలి. అదే కేంద్రం కిందుండే పోస్టాఫీసులోంచి ఎత్తుకుపోయుంటే నేను వదిలేసేవాణ్ణి."

"అంటే తప్పు మావాడిది కాదు, ఆ చోటుది!"

"చట్టం అలా ఏడిస్తే నన్నేం చెయ్యమంటావ్?"

"మరి హాల్లో పెట్టె పట్టుకుని కూర్చున్న ఆ మేజరు ఎందుకు?"

"నేను అణుబాంబులు వెయ్యమనాలంటే ఆ పెట్టె కావాలి."

"అందుకు ఎవరి అనుమతి తీసుకోవాలి?"

"ఎవరిదీ అక్కర్లేదు. నేనొక్కణ్ణి చెప్తే చాలు."

"భూగోళాన్ని తగలబెట్టచ్చు గానీ, బాతుదొంగని వదలకూడదన్నమాట!"

ఫోను మోగింది. ఆయన రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాడు.

"అధ్యక్షుడు లేచాడట. నేను దేన్నయినా ముట్టుకున్నానా అని అడిగాడట."

"ఏం చెప్పారు?"

"కాఫీ కప్పు తప్ప ఏదీ ముట్టుకోలేదన్నాను."

"అయితే అది కడిగి పెట్టండి. దానికి గవర్నరు రానక్కర్లేదు."