దుబాసీ బావ

సైన్యంలోంచి వచ్చేసి పదేళ్లయినా ఫిరంగి బాబాయి కోతలకి మాత్రం రిటైర్మెంటు లేదు. టీకొట్టు బెంచీ మీద కుంటికాలు చాపుకుని కూచుంటే చాలు, యుద్ధం మళ్లీ మొదలయ్యేది. ఆ రోజు పక్కన టైపిస్టు కూడా ఉన్నాడు, ఒళ్లో దరఖాస్తు పెట్టుకుని. యుద్ధం జరిగిన దేశంలో బాబాయికి దుబాసీగా మాటలు తర్జుమా చేసిపెట్టినవాడు, మన సైన్యానికి పనిచేశాడన్న పగ వల్ల ఇప్పుడక్కడ ప్రాణభయంతో దాక్కుని బతుకుతున్నాడు. వాణ్ని ఇక్కడికి రానివ్వమని అర్జీ. సాయంత్రం అయిదింటికి గడువు అయిపోతుంది.

"రాయవోయ్. వాడికి మన భాష నేర్పింది నేనే. తోటివాణ్ని బావా అనాలని సరదాకి చెప్తే, మా కర్నల్ని కూడా బావా అని పిలిచాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓ రోజు కొండదారిలో మందుపాతర పేలింది. వాడు పడిపోయాడు. భుజాన వేసుకుని రెండు కొండలు దాటించాను."

"మొన్న ఒకటన్నావు," అంది టీకొట్టు అక్క, టీ వడపోస్తూ.

"నన్ను చెప్పనిస్తావా? మూడు. ఓ చేత్తో వాణ్ని పట్టుకుని, ఇంకో చేత్తో తుపాకి పేలుస్తూ, మధ్యలో నది అడ్డం వస్తే అదీ ఈదేశాను, వాడి చొక్కా తడిస్తే ఒట్టు. ఏడో కొండ దగ్గరికి హెలికాప్టర్ వచ్చింది. నా వేగం చూసి పైలట్ ఏమన్నాడో తెలుసా? నువ్వు ముందు నడువు, నీ వెనకాలే వస్తానన్నాడు."

బెంచీ మీదవాళ్లంతా నవ్వారు. టైపిస్టు నవ్వలేదు, కలానికి మూత పెట్టాడు.

"బాబాయ్, ఇక్కడ 'దుబాసీ మీకు చేసిన సాయం' అని ఉంది. నువ్వు చెప్పింది రాస్తే నీకు పతకం వస్తుంది, వాడు అక్కడే ఉండిపోతాడు. అయినా మోసింది నువ్వయితే, కుంటిదైన కాలు నీదెలా అయింది?"

బాబాయి చాపుకున్న కాలు వెనక్కి లాక్కున్నాడు. పదేళ్లుగా వీరుడై కూచున్న బెంచీ అది. దాని మీదే ఆ నిజం చెప్పాలంటే సిగ్గుతో చచ్చిపోయాడు.

"వాడే మోశాడు," అన్నాడు చివరికి. "ఒకటే కొండ. దారంతా నేను ఏడుస్తూనే ఉన్నాను. నన్ను వదిలేసి పొమ్మంటే, బావని వదిలేస్తారా అన్నాడు. ఆ మాటకి అసలు అర్థం నేను వాడికి చెప్పనేలేదు."

టైపిస్టు గబగబా రాసుకున్నాడు. అక్క అడక్కుండానే బాబాయి చేతిలో ఇంకో టీ పెట్టింది.

"సంబంధం అని ఓ గడి ఉంది, బాబాయ్."

"బావ."

"వాడి చెల్లెల్ని నువ్వు చేసుకున్నావా, నీ చెల్లెల్ని వాడు చేసుకున్నాడా?"

"ఎవరూ ఎవర్నీ చేసుకోలేదు. రాయవోయ్, ఇది మాత్రం కోత కాదు."