బీరువా బండి

హోసూరు నుంచి కృష్ణగిరికి పోయే పెద్దరోడ్డు. శూళగిరి దాటిన ఒక పెట్టెలాంటి ఎత్తు కారులో ఉమాశంకర్, పక్క సీటులో అతని కొత్త భార్య సుమ. కారును అమ్మడానికి తీసుకుపోతున్నారు.

"నువ్వు నవ్వేది ఆపితే చెప్తాను."

"నేను యాడ నవ్వినాను? బండి ఊగింది, దాంతోబాటు నేనూ ఊగినాను."

"పక్కన లారీ పోయింది కదా, ఆ గాలికి. ఎత్తు బండి కదా."

"ఎత్తు, వెడల్పు, నాలుగు మూలలు. పక్కింటి మంజులమ్మ ఏమనిందో తెలుసా? మీ ఆయన ఫ్రిజ్జు వచ్చిన అట్టపెట్టెకి చక్రాలు పెట్టుకున్నాడే అనింది."

"నువ్వేమన్నావు?"

"అట్టపెట్టె కాదక్కా, బీరువా అన్నాను. మన మర్యాద మనం కాపాడుకోవాల కదా."

"అందుకే అమ్మేస్తా ఉండేది. ఈ పొద్దు గోపాలప్పకి చూపిస్తే అయిపాయె. సామల్పట్టి నుంచి మనకోసమే కృష్ణగిరికి వస్తా ఉండాడు. మామిడి తోట ఉండాదంట. మంచి మనిషి."

"మామిడి తోటాయనకి ఈ బండి ఎందుకంట?"

"వెనక సీటు మడిస్తే ఎంత చోటు. బుట్టలు బుట్టలు పడతాయి."

"బుట్టలేమి, నా సారె అంతా దీంట్లోనే కదా వచ్చింది. గ్రైండరు, ఇత్తడి బిందెలు, దీపపు సెమ్మెలు, మా అత్త ఇచ్చిన ఊయల బల్ల. అన్నీ ఎక్కించినంక మా చిన్నాయన వచ్చి, ఇంక పెండ్లికూతురు యాడ కూర్చునేది అన్నాడు."

"కూర్చున్నావు కదా."

"బల్లకి తల ఆనించి నిద్రపోయినాను. మెలకువ వస్తే హోసూరు."

"నోరు తెరుచుకొని నిద్రపోయినావు."

"మీరు దారి చూసినారా, నన్ను చూసినారా?"

"రెండూ. ఈ బండికి అద్దాలు పెద్దవి."

"మొన్న బస్టాండు దగ్గర ఒకామె చెయ్యెత్తింది, చెప్పినానా?"

"ఎవరు?"

"ఎవరో. షేర్ ఆటో అనుకునింది. బాగలూరా అని అడిగింది."

"నువ్వేం చెప్పినావు?"

"ఎక్కమ్మా అన్నాను. దిగినంక చిల్లర చేతిలో పెట్టింది, వద్దంటే వినలేదు. మన బండి మొదటి సంపాదన అని దేవుని గూట్లో పెట్టినాను."

"నీకు బాగలూరులో ఏం పని?"

"ఏం పనీ లేదు."

"మరి?"

"నడపాలనిపించింది. దారి చూసుకోండి, ముందర బస్సు."

"చూడు సుమా, ఇది పోతే పొడుగు కారు తీసుకుందాము. నేలకి ఆనుకొని పోతుందే, అట్లాంటిది. నువ్వు దిగతా ఉంటే అందరూ నిలబడి చూడాల."

"అంత కింద నుంచి నేను లేచి వచ్చేలోపల, చూసేవాళ్లు అన్నం తిని వస్తారు."

"ఇది కూడా నచ్చదు, అది కూడా నచ్చదు."

"ఇది నచ్చలేదని నేను అన్నానా?"

"పొద్దున లేస్తే బీరువా బీరువా అంటావు కదా. దీన్ని కొనేవాడేమో నిలవడు. కేశవప్ప అయితే తీసుకున్నట్లే అన్నాడు. నువ్విచ్చిన కాఫీ తాగినాడు, ఎడమపక్క డోరు దగ్గర వంగి వాసన చూసినాడు, పోయినాడు. మళ్లా ఫోనెత్తలేదు."

"కాఫీ బాగలేదేమో."

"వచ్చినోళ్లందరూ వాసన చూసినారు సుమా. అదే డోరు."

"అట్లనా."

"నేనూ చూసినాను. నాకేం వాసన రాలేదు."

"ఫోను మోగుతా ఉండాది."

"గోపాలప్పే. స్పీకరులో పెట్టు. అప్పా, వస్తా ఉండామప్పా, ఇంకొంచెం దూరమే."

"రావద్దు ఉమాశంకరప్పా. కోపం చేసుకోవద్దు, ఆ బండి మాకొద్దు."

"ఏమైందప్పా? నిన్న సరే అంటివి కదా."

"నిన్న సాయంత్రం మీ ఇంటామె ఫోను చేసింది. దాచిపెట్టకుండా ఉన్నది ఉన్నట్లు చెప్పింది, మంచి బిడ్డ. డెంకణికోట అడవిలో ఏనుగు దాని ఎడమపక్క డోరుకి ఈపు గోక్కునిందంట కదా. మాది మామిడి తోటప్పా. అది వాసన పట్టుకొని ఈడికి వచ్చిందంటే కాయా ఉండదు, చెట్టూ ఉండదు. పెట్టేస్తాను."

"అప్పా, గోపాలప్పా... పెట్టేసినాడు."

"పెట్టేసినాడా. పాపం."

"సుమా."

"ఆ."

"ఏ ఏనుగు?"

"డెంకణికోటలో ఏనుగులకేం కొదవ?"

"మన బండిని ఏనుగు ముట్టిందా లేదా?"

"లేదు. ముట్టి ఉంటే దానికే సుఖంగా ఉండేది. పక్కలు ఇంత చదునుగా ఉండాయి కదా."

"అందరికీ ఇదే చెప్పినావా?"

"కాఫీ ఇచ్చేటప్పుడు. మీరు ఆర్‌సీ కాగితాలు తెచ్చేదానికి లోపలికి పోతిరి కదా, అప్పుడు."

"నేను దీన్ని అమ్మేదే నీకోసం సుమా. పెండ్లిచూపులకి వచ్చి మీ ఇంటి ముందర ఆపితే, నువ్వు కిటికీలో నిలబడి నవ్వినావు. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని. నేను చూసినాను. ఈమెకి ఈ బండి సిగ్గుగా ఉండాది అనుకున్నాను."

"నవ్వినాను. నవ్వొచ్చింది. అట్లాంటి బండిలో పెండ్లికొడుకు దిగితే ఎవరికి రాదు? తిరిగి పోయేటప్పుడు మీరు మా అవ్వని ఆసుపత్రికి పిలుచుకొని పోయినారు, గుర్తుండాదా?"

"దారే కదా అని పిలిచినాను."

"అవ్వకి మోకాళ్లు వంగవు. ఏ బండైనా ఇద్దరు పట్టుకొని లోపలికి తొయ్యాల. అది ఆమెకి సిగ్గు. దానికే ఏండ్లుగా గడప దాటలేదు. ఆ పొద్దు మీ బండి దగ్గరికి వచ్చి సీటు చూసింది. నడుము దగ్గరికి ఉండాది. నన్నెవరూ ముట్టుకోవద్దండి అనింది. కుర్చీలో కూర్చున్నట్లు తానే కూర్చునింది. అద్దం దించమనింది. బజారంతా చూసుకుంటా, అందరినీ పలకరించుకుంటా పోయింది."

"నాకిదంతా తెలీదే."

"మీకెట్ల తెలుస్తుంది, మీరు దారి చూసే మనిషి. తిరిగొచ్చి నన్ను అడిగింది, అబ్బాయి నచ్చినాడామ్మా అని."

"నచ్చినాడు అన్నావు కదా. అవ్వే నాకు చెప్పింది."

"మీ మొగం ఎవరు చూసినారు? మిమ్మల్ని నేను సరిగ్గా చూసింది పెండ్లిపీటల మీదనే. ఆ పొద్దు నేను సరే అనింది బండికి."