ముందు నీళ్ళు కటింగ్ షెడ్డుకి

సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రాజెక్టు మేనేజరు గారికి, వేదిక మీదున్న ఇంజనీర్లకు, పని బట్టలతోనే వచ్చి వెనక బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్న మేస్త్రీలకు, అక్కలకు, అన్నలకు, ఈరోజుతో ఉద్యోగం చాలిస్తున్న మన వాటర్ ట్యాంకర్ బాబాయికి, ఆయన మెడలో దండ బరువుగా ఉందేమోనని మాటిమాటికీ సర్దుతున్న పిన్నికి నమస్కారం.

నాలుగు మంచి ముక్కలు చెప్పి దిగిపొమ్మని మేనేజరు గారు ముందే నా చెవిలో వేశారు. మంచి ముక్కలే చెబుతాను సార్, నాలుగుతో ఆగుతానని మాత్రం మాట ఇవ్వలేను. (నవ్వులు)

కొత్తవాళ్ళకు తెలియకపోవచ్చు, నేను ఈ సైటులో సేఫ్టీ అసిస్టెంటుని. గేటు పక్కన స్తంభానికి బిగించిన దుమ్ము కొలిచే పెట్టె ఉంది కదా, అందులోని అంకెలు రాసుకుని ప్రతి సోమవారం పైవాళ్ళకు పంపడం నా పని. పెద్ద చదువులు చదవలేదు. సభల్లో, బస్టాండుల్లో పంచే కరపత్రాలు ఏరుకొచ్చి, అన్నం తింటూ చదివి, చదివిందల్లా తలకెక్కించుకున్నవాణ్ణి. అందుకే రెండేళ్ళ కిందట ఇక్కడ చేరిన మొదటి వారంలోనే, ఎనిమిది టవర్లు లేస్తున్న ఈ సైటులో ఎవరు తప్పు చేస్తున్నారో నాకు తెలిసిపోయింది. బాబాయే! (నవ్వులు)

నవ్వకండి. పొద్దున్నే గేటు దగ్గర ఇసుక లారీలు బారులు తీరి, మనిషి ముఖం మనిషికి కనపడనంత దుమ్ము లేస్తుంటే, ఈయన మొదటి ట్యాంకు నింపుకుని గేటు వైపు కన్నెత్తి కూడా చూడకుండా, ఒక్క లారీ తిరగని వెనక సందులోకి, రాళ్ళు కోసే కటింగ్ షెడ్డు దగ్గరికి పోయేవారు. నేను వెళ్ళి ట్యాంకరుకు అడ్డంగా నిలబడ్డాను. ప్రజల ఊపిరితిత్తులతో ఆటలాడుతున్నారని, ఇంకా ఏవేవో కరపత్రం మాటలు అన్నాను. ఆయన చెయ్యి బయటపెట్టి, "జరుగబ్బాయ్, మిషన్లు ఆన్ చేసే టైమైంది" అన్నారు. అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. కూర్చుని నాలుగు పేజీల ఫిర్యాదు రాశాను.

నా జీవితంలో నేను రాసిన కాగితం దేన్నైనా కదిలించిందంటే అదే. వారంలో ఉత్తర్వు వచ్చింది. మొదటి ట్యాంకు గేటుకి, రెండోదీ గేటుకి, మూడోదీ గేటుకి. బాబాయి ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, స్టీరింగు గేటు వైపు తిప్పారు. పెట్టెలో అంకెలు చూస్తుండగానే పడిపోయాయి. మన సైటుకి ప్రశంసాపత్రం వచ్చింది. ఆఫీసు గోడ మీద ఫోటోలో ఎడమ చివర కాలరు సర్దుకుని నిలబడ్డది నేనే.

ఇప్పుడు చెప్పేది కొంచెం ఓపిగ్గా వినండి. కటింగ్ షెడ్డులో రాయి కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్ళు పడుతూ ఉండాలి, పొడి గాల్లోకి లేవకూడదు. ఆ నీళ్ళ పంపు పాడై అప్పటికే ఏడాది. బాబాయి మొదటి ట్యాంకుతో అక్కడ ఆరు డ్రమ్ములు నింపేవారు, అక్కడి కూలీలు చెంబుతో బ్లేడు మీద పోసుకుంటూ కోసేవారు. ఆ సంగతి నాకు తెలియదు. నా ఫిర్యాదు తర్వాత డ్రమ్ములు ఎండిపోయాయి. పొడిగానే కోశారు. సాయంత్రానికి వాళ్ళ కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి, నేను గేటు దగ్గర అంకెలు చూసి మురిసిపోతున్నాను.

నాలుగు నెలలకు కటింగ్ మేస్త్రి, అదిగో మూడో వరసలో తల దించుకున్న అన్న, రెండో అంతస్తు మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోయారు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుందని, ఇక తిరుగుతున్న మిషను దగ్గరికి పోవద్దని డాక్టరు చెప్పారు. అది ఏళ్ళ నాటి పొడి అని కూడా చెప్పారు. ఆ మాట పట్టుకుని నేను తప్పించుకోవచ్చు. తప్పించుకోను. పలకరించడానికి వెళితే అన్న నన్ను ఎగాదిగా చూసి, "నీ ఫోటో మీద దుమ్ము పడుతోందేమో, చూసుకో తమ్ముడూ" అన్నారు.

అక్కణ్ణుంచి పరుగెత్తుకుంటూ బాబాయి దగ్గరికి పోయి, ఎందుకు నాకు చెప్పలేదని ఆయన మీదే అరిచాను. ఆయన టైరు చూసుకుంటూ, తల ఎత్తకుండా అన్నారు:

"నువ్వు అడగలేదబ్బాయ్. రాశావు."

క్షమించండి. మంచినీళ్ళు... చాలు.

ఆ తర్వాత నెలరోజులు నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పారు. అద్దానికి కట్టిన గుడ్డపీలిక ఎటు ఎగురుతుందో చూసి గాలి ఎటుందో చెప్పడం, నీళ్ళు పలచగా చల్లడం, ఎక్కువ పోస్తే బురదై, మధ్యాహ్నానికి ఎండి రెట్టింపు దుమ్మవుతుందని తెలుసుకోవడం, నేను చదివిన ఏ కరపత్రంలోనూ లేని చదువు అది. ఉత్తర్వు ప్రకారం మూడు ట్యాంకులు గేటుకే పోసి, నాలుగోది తన భోజనం వేళలో కటింగ్ షెడ్డుకి తీసుకుపోయేవారు. పిన్నీ, డబ్బాలో అన్నం సగం ఎందుకు మిగిలిపోతోందని మీరు ఆయన్ని సాధిస్తున్నారట. వంట బాగాలేక కాదు. (నవ్వులు)

బాబాయ్, చొక్కా లాగకండి. ఇంకా రెండు మాటలు.

సోమవారం నుంచి గేటు దగ్గర ఆటోమేటిక్ స్ప్రింక్లర్లు వస్తున్నాయి. ట్యాంకరు వేరే సైటుకి పోతుంది, బాబాయి స్థానంలో ఎవరూ రారు. షెడ్డులో పంపు ఇప్పటికీ బాగుచేయలేదు, మరి అక్కడికి నీళ్ళెవరు పోస్తారు? ఈ ప్రశ్న ఆఫీసులో మూడుసార్లు అడిగాను. పెట్టెలో అంకెలు బాగానే ఉన్నాయిగా అన్నారు. బాగుంటాయి సార్, వాటిని బాగుచేసినవాణ్ణి నేనే.

అందుకని ఇవాళ పొద్దున ఆ పెట్టె విప్పి కటింగ్ షెడ్డు స్తంభానికి బిగించాను.

(సభలో కలకలం)

సార్, కూర్చోండి. ఎవరినీ అడగకుండా చేశాను, నిజమే. టీ వేళకే అంకె హద్దు దాటి ఎర్రగా మారింది. అదెంతో ఈ సభలో చెప్పను, ఇది బాబాయి సభ. కానీ సోమవారం పోయే కాగితంలో అదే ఉంటుంది, కింద నా సంతకం ఉంటుంది, ఇలా పెట్టె ఎవరు మార్చారన్నది కూడా ఉంటుంది. ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వచ్చి పని ఆపేస్తారని మీకు భయం. నాకూ భయమే, నా ఉద్యోగమూ అందులోనే ఉంది. ఆ అంకె తగ్గితే నాకంటే సంతోషించేవాడు లేడు. కానీ అది నిజంగా తగ్గాలి.

బాబాయ్, మీ ముందు పొగడ్తలు చదవాలని రాసుకొచ్చాను, జేబులోనే ఉండిపోయాయి. మీరు వెళ్ళిపోతుంటే నాకు కోపంగా ఉంది. మీ మీద కాదు. ఇన్నాళ్ళు ఒక మనిషి తన భోజనం మానుకుని పనిచేస్తే తప్ప గాలి బాగుండని ఏర్పాటు మీద. మీరు ఇంట్లో వేడి అన్నం కడుపునిండా తినండి, మిగతాది మేం చూసుకోవాలి.

ఏమన్నారు సార్? పంపు సంగతి సోమవారం చూద్దామంటారా? సోమవారం ఏడున్నరకే మిషన్లు తిరుగుతాయి సార్. ఇప్పుడు సభ కోసం అన్నీ ఆపారు, పొడి అణిగి ఉంది. అదిగో, కటింగ్ మేస్త్రి అన్న లేచి నిలబడ్డారు, పంపు ఎక్కడ పాడైందో ఆయనకు తెలుసు. అన్నా, మీరు దూరంగా నిలబడి చెప్పండి, చెయ్యి నేను పెడతాను. పానా ఆఫీసులో ఉంది. వెనక బెంచీల్లో ఇంకో ఇద్దరు వస్తే చీకటి పడేలోగా అయిపోతుంది.

శాలువా మీరు కప్పండి సార్, ఆయన దానికి తగినవారు. ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. బాబాయ్, పిన్నీ, చప్పట్లకు ఉండలేకపోతున్నాను, ఏమీ అనుకోకండి. సెలవు.