పది రెట్ల ఐరన్

హలో… ఆ, నేనే అక్కా, చంటిది నల్లగా దొడ్డికెళ్ళింది.

నలుపంటే… బాగా ముదురు ఆకుపచ్చ. నెత్తురా? లేదు. డైపర్ కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను…

జ్వరం లేదు. పాలు తాగుతోంది, ఆడుతోంది. ఇంట్లో ఏడుపు మొహం నా ఒక్కడిదే.

నవ్వకు. పిల్లల వార్డు నర్సువి, నీకిది రోజూ ఉండేదే…

అమ్మా? అదే గొడవ. అమ్మ ఏదో నూరి నాకించిందని నీ మరదలి అనుమానం. అమ్మ సంచీ సర్దుకుంటోంది.

పాలపొడా… మార్చలేదే. అంటే, డబ్బా మార్చలేదు.

—

సరే, లోపలి పొడి మార్చాను. బావ విదేశం నుంచి తెచ్చాడే, ఆ పొడి మన డబ్బాలో పోశాను…

ఎందుకంటే, లేబుళ్ళు చదివాను. దాంట్లో ఐరన్ మనదానికి పది రెట్లుంది. మన పిల్లకి అన్యాయం జరిగిపోతోందని…

ఏ లెక్కనా? ఉండు, చూస్తున్నా. మనదాని మీద… కలిపిన పాలు వంద మిల్లీలీటర్లకి. దాని మీద… పొడి వంద గ్రాములకి.

…

అవునక్కా. నీళ్ళలో ఖనిజాలు కొలిచే ల్యాబులోనే నా ఉద్యోగం. జీతం కూడా ఇస్తున్నారు.

వంద మిల్లీలీటర్ల పాలల్లో పడే పొడి పదమూడు గ్రాములేగా… అంటే పది రెట్లు కాదు, కాస్త ఎక్కువ. ఆ కాస్తకే రంగు మారొచ్చా? హమ్మయ్య…

చెంచానా? పాత డబ్బాలోదే. ఏం, అన్ని చెంచాలూ ఒకటి కావా?

…

అంటే చిక్కగా పట్టానో పల్చగా పట్టానో కూడా తెలీదన్నమాట. భలే కెమిస్టుని. సరే, ఇప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం.

అక్కా, ఒక్క మాట… ఈ పొడి పారబోసి, కొత్త డబ్బా కొని, గప్‌చుప్‌గా—

అరవకు. నిజమే, డాక్టరుకి ఏం పట్టామో చెప్పాలిగా. అమ్మ సంగతీ… చెప్పులేసుకుంటోందక్కా.

లేదు, ఫోన్ పెట్టేయను. నువ్వూ విను.

ఇదిగో, పిల్లని ఎత్తుకుని ఒకసారి ఇలా రా. అమ్మా, నువ్వు కూడా. సంచీ కింద పెట్టు…

అమ్మ ఏమీ నాకించలేదు. డబ్బాలో పొడి మార్చింది నేను. లేబుల్ చదవడం రాక మార్చాను. పొద్దుట్నుంచీ నువ్వు అమ్మని అంటుంటే, పక్క గదిలో పేపరు అడ్డం పెట్టుకుని అంతా విన్నాను.