పద్మచరణ్ ఎక్కడ పడుకున్నాడు

ఏటే పిల్లా, ఇప్పుడేనా డ్యూటీ దిగడం? కూర్చో, కూర్చో, కాళ్ళు చాపుకో. ఆ కళ్ళు చూడు, సగం మూతబడిపోయి... అచ్చం మీ తాతవే. నువ్వెక్కడ చూశావులే, నువ్వు పుట్టకముందే పోయాడు పద్మచరణ్ బావ. నా చెల్లెలు బిలాసిని మొగుడు. అతనివి ఎప్పుడూ నిద్రకళ్ళే. ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నా మనిషి ఇక్కడ లేనట్టుండేవాడు. పొద్దంతా తమలపాకు తోటలో పని కదా, ఆ పందిరి కింద మిట్టమధ్యాహ్నం కూడా చల్లటి పచ్చచీకటి. ఆ చీకటి కాస్త కళ్ళలో పెట్టుకుని ఇంటికొస్తాడని బిలా ఏడిపించేది. ఆ కళ్ళే అతని ప్రాణం మీదకి తెచ్చాయి తల్లీ. నవ్వకు. రోజూ ఎమర్జెన్సీలో ఎంతమందిని అడుగుతావు, ఏం తిన్నావు, ఎప్పట్నుంచి నొప్పి అని. ఎక్కడ పడుకున్నావని అడుగుతావా? అడగవు. అదిగో, అక్కడే ఉంది సంగతంతా.

పెళ్ళయ్యాక వాళ్ళకది మొదటి రజ పండగ. కొత్తల్లుడు అత్తారింటికి రావాలి కదా, వచ్చాడు, భుజాన కొత్త కండువా, చేతిలో తమలపాకుల కట్ట. మా అమ్మకి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ పండగ రోజుల్లో భూదేవికి విశ్రాంతి, ఆడవాళ్ళు పొయ్యి ముట్టరు, అందుకని ముందే పోడపిఠా చేసి పెట్టింది. బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరి, అరిటాకులో చుట్టి నిప్పుల మీద నెమ్మదిగా కాల్చి... ఇప్పుడెవరు చేస్తున్నారే అలాగ, అన్నీ కుక్కర్లోనేనట, సరేలే. ఊరంతా ఉయ్యాలలు. చెట్టుకొక ఉయ్యాల, ఉయ్యాలకొక పాట. బావ అరుగు మీద కూర్చుని పిఠా నములుతూ ఆ ఊగే పిల్లల్ని చూస్తూ ఎటో వెళ్ళిపోయాడు. అలాగ వెళ్ళిపోతూనే ఒక మాట జారాడు, “బాగుందిగాని, మా అమ్మ కొబ్బరి ఇంకాస్త వేస్తుంది.” అంతే! అదృష్టం, మా అమ్మ వినలేదు. బిలా విన్నది. విన్నదంటే మామూలుగానా, పడుకునే వేళకి గదిలో చాప, దిండు కింద పడేసి, “కొబ్బరి ఎక్కువేసే మీ అమ్మ దగ్గరికే పో, ఈ మంచం మా అమ్మది” అందట. అతను చాప పరుచుకున్నాడు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది సుమా. అప్పటికి వాళ్ళిద్దరికే తెలుసు.

తెల్లవారింది. బావ కడుపు పట్టుకుని మూలుగుతున్నాడు. వాంతి. సరేలే, పండగ తిండి అనుకున్నాం. కాసేపటికి మాట ముద్దముద్దగా వస్తోంది, కళ్ళు తెరవమంటే కనుబొమలు పైకి లేస్తున్నాయిగాని రెప్పలు లేవట్లేదు. పడవలో వేసుకుని వైతరణి దాటించాం. అలాగ చూడకు, మా ఊరి ఏటి పేరే అది, మాకది రోజూ దాటే రేవేగా. కానీ ఆ రోజు మాత్రం నాకు ఆ పేరు తలుచుకోవాలంటే భయమేసింది. అవతల ఒడ్డున బావ అన్నగారు కలిశారు, కబురు అందుకుని పరిగెత్తుకొచ్చారు పాపం. ఆయన్ని చూడగానే బిలా ముసుగు గడ్డం దాకా లాక్కుంది. మా వైపు ఆడది మొగుడి అన్నకి ముఖం చూపించదు, గొంతు వినిపించదు. నీకు వింతగా ఉంటుందిగాని, అప్పుడలాగే.

పట్నం ఆసుపత్రిలో డ్యూటీ కుర్రడాక్టరు, మంచివాడే, నిద్రలేదు పాపం. బావని చూశాడు. సోలిపోతున్న కళ్ళు, ముద్దమాట, కడుపునొప్పి. పైగా రజ పండగ! “భంగు తాగాడా?” అన్నాడు. “లేదు బాబూ” అంది అమ్మ. “అందరూ ఇలాగే అంటారు పిన్నీ. పొద్దుట్నుంచి వీళ్ళే వస్తున్నారు నాకు. నిమ్మరసం పట్టించండి, పడుకోనివ్వండి, సాయంత్రానికి లేచి మళ్ళీ పేకాడతాడు.” నిజంగానే వరండాలో ఇద్దరు ముగ్గురు అలాగే పడున్నారు మరి, ఆయన్నేమంటాం. బావనీ వాళ్ళ పక్కన బల్ల మీద పడుకోబెట్టారు. అమ్మ చెంచాతో నిమ్మరసం పోస్తోంది. అది లోపలికి పోవట్లేదు, పెదవి మూల నుంచి కారిపోతోంది. “చూడు, తాగనని మారాం చేస్తున్నాడు” అంటోంది అమ్మ.

ఇంతలో పట్టజోషి డాక్టరు వచ్చాడు, పెద్దాయన, డ్యూటీ మారింది. అందరి పక్కనా ఆగుతూ వస్తున్నాడు. బావ దగ్గరకొచ్చి ఆ కారుతున్న నిమ్మరసం చూసి ఆగిపోయాడు. చెంచా లాగేసుకున్నాడు. రెప్ప ఎత్తి వదిలాడు, టప్పున పడిపోయింది. “రాత్రి ఇతను ఎక్కడ పడుకున్నాడు?” అన్నాడు. అమ్మ ఊరుకుంటుందా! “మా అల్లుడా బాబూ? పట్టెమంచం, కొత్త పరుపు, దోమతెర, మా ఇంట్లో మహారాజులాగ పడుకున్నాడు!” ఆయన మళ్ళీ అడిగాడు, “మంచం మీదేనా? నేల మీద కాదు కదా?” “నేల మీదా! కొత్తల్లుణ్ణి నేల మీద పడుకోబెడతామా, మాకు పరువు లేదా?” అని అమ్మకి కోపం కూడా వచ్చింది. డాక్టరు అమ్మ మాటే నమ్మాడు. అయితే మెదడులో ఏదో అయ్యుంటుంది, కటక్ పంపించాలి, జీపు చూడండి అన్నాడు. నేను జీపు కోసం కదిలాను కూడా. బిలా అమ్మ కొంగు లాగింది. అమ్మ గిల్లింది. మళ్ళీ లాగింది. “నోర్ముయ్, మొగుడి అన్నగారున్నారు!” అంది అమ్మ పళ్ళ మధ్య నుంచి. బావ ఊపిరి అప్పటికే పైపైన ఆడుతోంది తల్లీ, దూది పింజ ఆడినట్టు. అప్పుడు అరిచింది చూడు మా బిలా! ముసుగు వెనక్కి తోసేసి, వరండా అంతా దద్దరిల్లేలాగ, “నేల మీదే పడుకున్నాడు! నేనే దింపేశాను మంచం మీంచి! చాప మీద పడుకున్నాడు డాక్టరుగారూ!”

ఆ అన్నగారు ఏం చేశారో తెలుసా? గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ఆ పిల్ల సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలని. ఎంత మనిషో చూడు. నాకు ఇప్పటికీ ఆయన వీపు కళ్ళకి కట్టినట్టే ఉంటుంది.

కట్లపాము. నీకు చెప్పేదేటి, నేల మీద పడుకున్నవాణ్ణి నిద్రలో కరుస్తుంది, నొప్పుండదు, గాటు కనబడదు, పొద్దున్నకి కడుపునొప్పి. విషానికి మందెక్కించారు, గొంతులోకి గొట్టం వేశారు. ఊపిరి ఆడించే మిషనేదీ అక్కడ? రబ్బరు సంచి ఒకటి ఇచ్చి నొక్కమన్నారు, వదలకుండా నొక్కమన్నారు. నేను, బిలా, అన్నగారు. ముఖం చూసుకోకూడని ఆ ఇద్దరూ ఒకరి చేతిలోంచి ఒకరు ఆ సంచి అందుకుంటూ నొక్కారే, పగలంతా, రాత్రంతా, ఆ మర్నాడంతా.

బావ తర్వాత ఎప్పుడో తోటలో కూర్చుని చెప్పాడు నాకు. అంతా వినబడుతూనే ఉందట. రెప్ప లేవదు, వేలు కదలదు, మాట మాత్రం ప్రతిదీ వినబడుతోంది. భంగు అన్నది విన్నాడు, పట్టెమంచం విన్నాడు. కాదు, కాదు అని లోపల అరుస్తూనే ఉన్నాడట. నీళ్ళ అడుగున పడుకుంటే ఒడ్డున మాటలు వినబడతాయే, అలాగ. తర్వాత ఉయ్యాల ఎక్కాడట. హుష్ అంటే పైకి, హుష్ అంటే కిందికి. ఎవరో వెనక నుంచి ఊపుతున్నారు, ఆకుల మధ్యకి పోతున్నాడు, మళ్ళీ వస్తున్నాడు. దిగాలనిపించలేదట. “ఊపేది బిలాయే అని తెలుసు బావా, గాజులు వినబడుతున్నాయి” అన్నాడు. ఆ మాటంటూ మళ్ళీ ఎటో చూస్తూ ఉండిపోయాడు.

గొట్టం తీసిన రోజు, మా అమ్మ మంచం పక్కనే ఉంది, ముఖం గోడకేసి. కూతురితో మాటల్లేవు. ఊళ్ళో అప్పటికే అనేశారు కదా, కొత్త పెళ్ళికూతురు మొగుణ్ణి పాము నోట్లో పెట్టిందని. బిలా గుమ్మం దగ్గర నిలబడి ఉంది, లోపలికి రాదు. బావ వేలు కదిపి అమ్మని పిలిచాడు. గొంతు లేదు, గాలే. “అత్తా, బిలా మాట నమ్మకు. నేనే దిగి పడుకున్నాను. ఉక్కగా ఉందని.”

పట్టజోషి డాక్టరు అక్కడే ఉన్నాడు. “నేల మీద అన్నావు, నాకది చాలు నాయనా. ఎవరు దింపారన్నది మీలో మీరు చూసుకోండి” అని పక్క మంచానికి వెళ్ళిపోయాడు. గుమ్మంలో బిలా ఏడ్చేసింది, “అబద్ధం, నేనే దింపాను” అని. ఎవరు వింటారు.

ఉక్క ఎక్కడిది తల్లీ! ఆ రాత్రంతా వాన. దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం అందరం. నాకు తెలుసు, అమ్మకీ తెలుసు. అమ్మ అల్లుడి ముఖంలోకి అలాగే చూసింది, చాలాసేపు చూసింది. గుమ్మంలో కూతుర్ని చూసి, రమ్మని తలూపింది. మంచం కింద నుంచి తాటాకు విసనకర్ర తీసి, అల్లుడికి విసరడం మొదలుపెట్టింది.