రెండు గీతల కాయితం

నేనింతవరకు ఏదీ రాసినదాన్ని కాదు. అయిదు దాకా చదివాను, ఒకరికి ఉత్తరం కూడా రాయలేదు. మిరపకాయల తొడిమలు తీసేకాడ మా పిచ్చమ్మత్త చెప్పింది, చెప్పింది చెప్పినట్టే రాస్తన్నాను.

తిరపతమ్మని ఒక కోడలంట. పెళ్ళయి ఆరేళ్ళు, కడుపు పండలా. మొగుడు ఎల్లమంద బోరుబండి మీద పని, నెలన్నరకోసారి వచ్చి నాలుగు రోజులుండి పోతాడు. ఆసుపత్రిలో నర్సమ్మ ఆ పిల్లకి కాయితం ముక్కలు ఇచ్చిందంట. ఒంటేలు గ్లాసులో పట్టి ముంచు, రెండో గీత కూడా ముదురుగా పడితే ఆ రోజూ మర్నాడూ కడుపు నిలిచే రోజులు, వదులుకోబాక అని చెప్పింది. ఏడు నెలలు ముంచిందంట. రెండు గీతలు పడ్డప్పుడు మొగుడుండడు, మొగుడున్నప్పుడు ఒకటే గీత. నవ్వబాకండే, నవ్వే కత కాదిది.

ఏమైందంటే, ఎనిమిదో నెలలో మొగుడు వచ్చిన రోజునే రెండు గీతలూ పడినయ్యంట. ఆ సంబరంలో కాయితాన్ని గూట్లో మర్చిపోయింది. అత్త అంకమ్మ చూసింది. ఆమె కూతురికి కడుపు చూసే కాయితం మీద అట్టాగే రెండు గీతలు పడితేనే గదా మనవరాలు పుట్టింది! ఇంకేముంది, ఈధంతా బెల్లం పంచింది. వాళ్ళింట్లో పద్ధతేందంటే, కడుపని తెలిస్తే మూడో నెల దాటిందాకా మొగుడు గదిలోకి రాకూడదు. పొద్దుగూకకముందే కొడుకు మంచం తీసుకెళ్ళి పంచలో వేసింది. ఆ కాయితం వేరు ఈ కాయితం వేరు, ఇయ్యాలే కలిసుండాల్సిన రోజు అని అత్తతో ఏ నోటితో చెప్పుద్దే ఆ పిల్ల? మొగుడితో కాదయ్యా అనబోతే, సిగ్గుపడతందిలే అనుకున్నాడంట. బిడ్డొస్తంటే కూర్చుంటే ఎట్టా అని, తెల్లారే బండెక్కి ఎల్లిపోయాడు.

పద్నాలుగు రోజులకి ముట్టయింది. అంకమ్మ నెత్తి కొట్టుకుంది, నీళ్ళబిందె ఎత్తి నా మనవణ్ణి పోగొట్టిందని. ఈధిలో ఆడోళ్ళందరూ ఒకరెనక ఒకరు వచ్చి ఓదార్చారంట, లేని బిడ్డకి. ఓదార్చిపోతా, ఈసారన్నా ఒళ్ళు దగ్గరపెట్టుకో అనేవోళ్ళు. ఆ పిల్ల అన్నిటికీ తలూపింది. సాయంత్రం ఫోనులో మొగుడు ఏడ్చాడు. ఏడ్చి, "బిందె ఎందుకెత్తావే" అన్నాడు. అప్పుడు ఇరిగింది ఆ పిల్ల మనసు.

మర్నాడు పొద్దున్నే మిగిలిన కాయితాలు తెచ్చి అత్త ముందు పెట్టింది. "అత్తా, ఇయి కడుపు చూపించేయి కాదు. నీ కొడుకు నా దగ్గరుండాల్సిన రోజు చూపిస్తయి. ఆ రోజే నువ్వు మంచం బయటేశావు" అంది.

అంకమ్మ లేచి, పంచలో మంచం తనే ఎత్తుకెళ్ళి గదిలో వేసి, దుప్పటి దులిపి పరిచింది. కొడుకు రావడానికి ఇంకా నెలుంది.

మంచమైతే లోపలికొచ్చిందిలే. తియ్యండి, తొడిమలు తియ్యండి.